లైసిన్ పెప్టైడ్ కలిపితే ప్లాస్మిడ్ తెగడం ఆగిపోయింది. నిజంగా కాపాడిందా, నేనే తప్పుగా చూస్తున్నానా?

పల్లవి_జెల్ • సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రేడియేషన్ బయాలజీలో పీహెచ్‌డీ మొదటి ఏడాది చేస్తున్నాను. రెండు వారాలుగా ఒకే జెల్ ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినైనా అడగందే ముందుకు పోలేననిపించి ఇక్కడ రాస్తున్నాను.

పీయూసీ18 ప్లాస్మిడ్‌ని, అంటే బ్యాక్టీరియా నుంచి తీసే గుండ్రటి చిన్న డీఎన్‌ఏని, పలచని ద్రావణంలో తీసుకుని కోబాల్ట్-60 గామా చాంబర్‌లో పెడుతున్నాను. మొదటి సెట్ ట్యూబుల్లో ప్లాస్మిడ్ ఒక్కటే. రెండో సెట్‌లో దానితోపాటు టెట్రాలైసిన్, అంటే లైసిన్ అనే అమైనో ఆమ్లం నాలుగుసార్లు వరసగా ఉన్న చిన్న పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క). మూడో సెట్‌లో లైసిన్-టైరోసిన్-లైసిన్. ఆ తర్వాత అగరోస్ జెల్ మీద కరెంటుతో నడిపి, బాగా మెలితిరిగి ఉండే సూపర్‌కాయిల్డ్ రూపం ఎంత మిగిలింది, ఒక పోగు తెగి వదులైపోయిన రూపం ఎంత వచ్చింది అని కొలుస్తున్నాను.

ప్లాస్మిడ్ ఒక్కటే ఉన్న ట్యూబుల్లో అంతా పుస్తకంలో రాసినట్టే ఉంది. డోసు పెంచేకొద్దీ కింది బ్యాండ్ (సూపర్‌కాయిల్డ్) వెలిసిపోతోంది, పైది (తెగి వదులైనది) ముదురుతోంది. టెట్రాలైసిన్ ఉన్న వరసల్లో మాత్రం ఎంత డోసు ఇచ్చినా పై బ్యాండ్ దాదాపు రావడం లేదు. మా గైడ్‌గారు చూసి, చాలా బాగుంది, రాయడం మొదలుపెట్టు అన్నారు. కానీ నాకు మనసొప్పడం లేదు. ఆ వరసల్లో కింది బ్యాండ్ కూడా పలచగానే ఉంది. పైగా వెల్స్ (జెల్‌లో నమూనా పోసే గుంటలు) అంచున సన్నగా ఒక గీత మెరుస్తోంది. పెప్టైడ్ లేని వరసల్లో ఆ గీత లేదు.

పెప్టైడ్ డీఎన్‌ఏని కాపాడిందని రాయవచ్చా?

శాస్త్రి60 • సోమవారం, రాత్రి 11:30

అమ్మా పల్లవీ, ఇప్పుడే రాయకు. నీకు మనసొప్పకపోవడమే మంచిదైంది.

వెల్ అంచున మెరిసేది నీ డీఎన్‌ఏనే. డీఎన్‌ఏలో ప్రతి ఫాస్ఫేట్ మీదా ఒక రుణావేశం ఉంటుంది. టెట్రాలైసిన్ మీద నికరంగా నాలుగు ధనావేశాలు. ఆవేశం మూడు, అంతకన్నా ఎక్కువ ఉన్నవి డీఎన్‌ఏకి గట్టిగా అతుక్కుని, దాని ఆవేశంలో దాదాపు 90 శాతం చెల్లిపోయేలా చేస్తే, ఆ పొడవాటి పోగు ఇక విడివిడిగా నిలబడలేక ఉండ చుట్టుకుంటుంది. ఉండలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కణాల్లో ఉండే స్పెర్మిన్, స్పెర్మిడిన్ అనే ధనావేశ అణువులు చేసే పనీ ఇదే. అలాంటి ఉండ జెల్ రంధ్రాల్లోంచి దిగదు, వెల్‌లోనే కూర్చుంటుంది. తెగిన డీఎన్‌ఏ కూడా అందులోనే ఉండిపోయి ఉంటే, పై బ్యాండ్ లేదు కాబట్టి తెగలేదని నువ్వు ఎలా అంటావు?

ముందు ఒక్కో వరసలో మొత్తం మెరుపు ఎంతో లెక్కపెట్టు. అన్ని వరసల్లో సమానంగా లేకపోతే ఆ జెల్‌ని నమ్మకు. ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చాక, జెల్‌కి ఎక్కించే ముందు, ఉప్పు బాగా పెంచు. సోడియం అయాన్లు ఎక్కువైతే పెప్టైడ్ పట్టు వదిలేస్తుంది. వదిలాక పలచన చేసి ఎక్కించు.

ఇంకో రెండు ప్రశ్నలు. బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) ఏది? చాంబర్ డోసు రేటు ఎప్పటిది?

పల్లవి_జెల్ • సోమవారం, రాత్రి 11:48

సార్, చాలా థ్యాంక్స్. బఫర్ ట్రిస్-ఈడీటీఏ. ప్లాస్మిడ్ తీసినప్పుడు అందులోనే ఉంది, అలాగే వాడాను. డోసు రేటు చాంబర్ మీద అంటించిన కాగితం చూసి రాసుకున్నాను. దాని మీద తేదీ రెండేళ్ల కిందటిది.

శాస్త్రి60 • మంగళవారం, ఉదయం 6:15

రెండూ సరిచేసుకోవాలమ్మా.

కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. నెలకు ఒక శాతానికి కాస్త పైనే తగ్గిపోతుంది. రెండేళ్లయితే దాదాపు నాలుగో వంతు పోయినట్టే. నువ్వు 100 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) ఇచ్చాననుకున్న చోట 77 ఇచ్చావు. లెక్క సరిచేస్తే సరిపోతుంది, కానీ ఒక్కసారి డోసుని రసాయనంతో కొలిచే ఫ్రిక్ డోసిమీటర్ కూడా పెట్టు. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం, ఆమ్లం, 304 నానోమీటర్ల దగ్గర కొలత. ఒక పూట పని. ముప్పై ఏళ్లకు పైగా ఈ మూలాలతో పనిచేసినవాణ్ణి, కాగితం మీద అంకెను ఒక్కసారి కూడా కొలవకుండా నమ్మలేదు.

ట్రిస్ సంగతి ఇంకా ముఖ్యం. రేడియేషన్ వల్ల నీటిలో పుట్టి డీఎన్‌ఏని కొట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌ని ట్రిస్ బాగా తినేస్తుంది. అంటే నీ పెప్టైడ్ రాకముందే ట్యూబులో ఒక రక్షకుడు ఉన్నాడు. ఎంజైములు నిల్వ ఉంచే గ్లిసరాల్ కూడా అంతే. ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చు.

నాగరాజు మాస్టారు • మంగళవారం, ఉదయం 8:05

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను గానీ ఒకటి అర్థం కాలేదు. గామా కిరణాలు లోహాన్ని కూడా దాటి వెళ్తాయి కదా. నాలుగు అమైనో ఆమ్లాల ముక్క ఒకటి అంటుకుంటే అవి ఆగుతాయా? అలా ఆపడం ఎలా సాధ్యం?

మురళి_డాలస్ • మంగళవారం, ఉదయం 9:40

మాస్టారూ, పెప్టైడ్ కిరణాన్ని ఆపదు. ఆపలేదు కూడా. కిరణం తర్వాత జరిగేదాంట్లోనే దానికి చోటు.

ట్యూబులోనైనా, మన కణంలోనైనా, గామా కిరణానికి ఎక్కువగా ఎదురయ్యేది నీరే. నీటి అణువు నుంచి ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, మిగిలినది విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది. దానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ, ఎదురైన ప్రతిదాని మీదా పడి తీసుకుంటుంది. కణంలో దాని ఆయుష్షు నానోసెకన్లు, తిరిగే దూరం కొన్ని నానోమీటర్లు. డీఎన్‌ఏ మందమే 2 నానోమీటర్లు. అంటే డీఎన్‌ఏ చుట్టూ సన్నటి నీటి పొరలో పుట్టిన రాడికల్స్ మాత్రమే దాన్ని కొట్టగలవు. ఎక్స్‌రే, గామా కిరణాల వల్ల కణంలో జరిగే డీఎన్‌ఏ నష్టంలో సుమారు మూడింట రెండొంతులు ఇలా నీటి ద్వారా వచ్చేదే. మిగతాది కిరణం నేరుగా డీఎన్‌ఏ నుంచే ఎలక్ట్రాన్‌ని లాగడం వల్ల.

కొట్టినప్పుడు రెండు రకాల దెబ్బలు తగులుతాయి. చక్కెర భాగానికి తగిలితే పోగు తెగుతుంది. బేస్‌కి, అంటే డీఎన్‌ఏ అక్షరానికి, తగిలితే పోగు తెగదు గానీ అక్షరం చెడుతుంది. అందులో ఎక్కువ చెడేది గ్వానిన్, ఎందుకంటే నాలుగింటిలోనూ ఎలక్ట్రాన్‌ని తేలిగ్గా వదిలేది అదే. అది 8-ఆక్సోగ్వానిన్‌గా మారితే, కాపీ అయ్యేటప్పుడు సైటోసిన్‌కి బదులు అడినిన్‌తో జత కట్టవచ్చు. అలా జీ ఉన్న చోట టీ వచ్చి కూర్చుంటుంది.

డీఎన్‌ఏ దగ్గర ఉన్న ఆ సన్నటి నీటి పొరని పెప్టైడ్ ఖాళీ చేయించవచ్చు, లేదా అందులో పుట్టిన రాడికల్‌ని ముందే అందుకోవచ్చు.

నాగరాజు మాస్టారు • మంగళవారం, ఉదయం 10:20

ఇప్పుడు బాగా అర్థమైంది. మాది పోచంపల్లి దగ్గర, ఇంట్లో మగ్గం ఉండేది. మీరు చెప్తుంటే నాకు రంగు తొట్టి కనిపించింది. ఇక్కత్ చీరకి నూలు పోగుల మీద అక్కడక్కడా రబ్బరు ముక్క బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పితే తెల్లగా ఉంటుంది. ఇంకో సంగతి. నూలుని చిలపగా వదులుగా ముంచితే ప్రతి పోగుకీ రంగు పడుతుంది. కండెకి చుట్టినది అలాగే ముంచితే పై వరసలకే పట్టి లోపల తెల్లగా మిగిలిపోతుంది. శాస్త్రిగారు చెప్పిన ఉండ ఈ రెండోదే కదా?

జయ_బయోకెమ్ • మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మీరు చెప్పిన రెండూ నిజంగా ఉన్నాయి. మొదటిదాన్ని ఒక కొలత పద్ధతిగానే వాడతారు. 1980ల్లో టులియస్, డోంబ్రోస్కీ అనే ఇద్దరు ఇనుము-ఈడీటీఏతో హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టించి, లాంబ్డా రిప్రెసర్ ప్రోటీన్ అంటుకున్న డీఎన్‌ఏ మీదికి వదిలారు. ప్రోటీన్ పట్టుకున్న చోట డీఎన్‌ఏ తెగలేదు, మిగతా అంతా తెగింది. జెల్ మీద ఆ ఖాళీలు చూసి ప్రోటీన్ ఎక్కడ కూర్చుందో చెప్పేస్తారు. దీన్ని హైడ్రాక్సిల్ రాడికల్ ఫుట్‌ప్రింటింగ్ అంటారు. మా ఎమ్మెస్సీ పిల్లలకి ఇది చెప్పాలంటే ఇక మీ రబ్బరు ముక్క ఉదాహరణే చెబుతాను.

రెండోది, కండె. మన కణాల్లో హిస్టోన్లు చేసేది ఇదే. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ 147 జతల బేస్‌లు ఒకటిన్నర చుట్టు కన్నా కాస్త ఎక్కువే తిరిగి ఉంటాయి. హిస్టోన్లలో లైసిన్, ఆర్జినిన్ చాలా ఎక్కువ. పల్లవి వాడే టెట్రాలైసిన్ ఒక రకంగా హిస్టోన్ తోకకి నమూనా. హిస్టోన్లు తీసేసిన డీఎన్‌ఏకి రేడియేషన్ ఇస్తే తెగేవి చాలా రెట్లు పెరుగుతాయి. క్రోమాటిన్, అంటే హిస్టోన్లతో కలిసి ఉన్న డీఎన్‌ఏ, విప్పుకుని ఉన్న చోట, మూసుకుని ఉన్న చోటికన్నా ఎక్కువ దెబ్బ తగులుతుంది.

అందుకని పల్లవీ, ఉప్పు కలిపి జెల్ మళ్లీ చేసినా నీకు రక్షణ కనిపిస్తుందనే నా అంచనా. కాకపోతే ఇప్పుడు కనిపిస్తున్నంత ఉండదు.

శాస్త్రి60 • మంగళవారం, సాయంత్రం 5:50

జయగారి మాటతో ఏకీభవిస్తున్నాను. పల్లవి మూడో సెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం అసలు విషయం అందులోనే కనిపిస్తోంది. లైసిన్ల మధ్య ఆ ఒక్క టైరోసిన్ ఎందుకు పెట్టారు?

శాన్‌డియెగోలో జాన్ వార్డ్ ఉండేవారు. కిరణం ఒకే చోట గుంపుగా దెబ్బలు చేస్తుందనీ, కణాన్ని చంపేది ఆ గుంపులేననీ గట్టిగా చెప్పినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. అదే చోట మిల్లిగన్, వార్డ్ బృందం 2000 తర్వాత కొన్నేళ్లు చేసిన పని నన్ను బాగా ఆకట్టుకుంది. వాళ్లు ప్లాస్మిడ్ ద్రావణంలో థయోసయనేట్ కలిపారు. హైడ్రాక్సిల్ రాడికల్ ముందు థయోసయనేట్‌ని కొడుతుంది. దాని నుంచి పుట్టే రాడికల్ అంత దూకుడుది కాదు. చక్కెర జోలికి పెద్దగా పోదు, గ్వానిన్ నుంచి మాత్రం ఒక ఎలక్ట్రాన్ లాగుతుంది. అలా తెగడాన్ని పక్కన పెట్టి, గ్వానిన్ ఆక్సీకరణని విడిగా చూడగలిగారు. పోగు తెగదు కాబట్టి జెల్ మీద ఏమీ కనిపించదు. అప్పుడు ఈ.కోలై నుంచి తీసిన ఎఫ్‌పీజీ ఎంజైమ్ వేస్తే, చెడిన గ్వానిన్ ఉన్న ప్రతి చోటా అది పోగుని కోస్తుంది. కనిపించని దెబ్బ కనిపించే తెగుడుగా మారుతుంది.

ఎలక్ట్రాన్ పోయిన వెంటనే గ్వానిన్ 8-ఆక్సోగ్వానిన్ అయిపోదు. మధ్యలో గ్వానిన్ రాడికల్‌గా ఉంటుంది. ఈ రసాయనం లెక్కలో అది చాలాసేపు బతుకుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్‌కి నానోసెకన్లయితే దీనికి మిల్లీసెకన్ల దాకా కూడా సమయం ఉండవచ్చు. ఆ లోపల పక్కనున్నవాళ్లు ఎవరైనా ఒక ఎలక్ట్రాన్ తిరిగి ఇస్తే గ్వానిన్ మళ్లీ గ్వానినే. ఎంజైమ్ అక్కర్లేదు, కోతా అతుకూ అక్కర్లేదు. ఇవ్వగలిగేవాళ్లెవరు? రిడక్షన్ పొటెన్షియల్ ఎంత తక్కువైతే ఎలక్ట్రాన్‌ని అంత తేలిగ్గా వదులుతుంది. గ్వానోసిన్‌ది (గ్వానిన్, చక్కెర కలిసినది) సుమారు 1.29 వోల్టులు. టైరోసిన్‌ది తటస్థ పీహెచ్ దగ్గర 0.93 దగ్గర. ట్రిప్టోఫాన్‌ది దాదాపు 1.0. ఇద్దరూ గ్వానిన్‌కన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్ వదులుతారు. లైసిన్‌కి ఆ గుణం లేదు. లైసిన్ డీఎన్‌ఏని పట్టుకోవడానికి, టైరోసిన్ ఎలక్ట్రాన్ ఇవ్వడానికి. ఆ పెప్టైడ్ అమరిక అంతా ఇందుకే.

టైరోసిన్ ఎలక్ట్రాన్‌తోపాటు తన ప్రోటాన్‌ని కూడా వదులుతుంది. ఆ రెండూ కలిసి కదలడం వల్లే ఈ మార్పిడి సాఫీగా సాగుతుంది.

పల్లవి_జెల్ • మంగళవారం, రాత్రి 9:05

సార్, ఇది మూడుసార్లు చదివాను. ఈ పెప్టైడ్ మా గైడ్‌గారు కొన్నారు, ఎందుకు ఇదే అని నేను అడగలేదు. ఒక సందేహం. టైరోసిన్ నిజంగా గ్వానిన్‌కి ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చిందా, లేక రాడికల్‌ని దారిలోనే పట్టుకుందా? ఎఫ్‌పీజీ కోతలు తగ్గాయంటే రెండింట్లో ఏదైనా కావచ్చు కదా?

శాస్త్రి60 • మంగళవారం, రాత్రి 9:40

మంచి ప్రశ్న. దీనికి జవాబు లేకుండా వ్యాసం రాయకూడదు.

దారిలో పట్టుకోవడానికి పెప్టైడ్ డీఎన్‌ఏని అంటుకోనక్కర్లేదు, ద్రావణంలో ఎక్కడున్నా చాలు. ఎలక్ట్రాన్ తిరిగి ఇవ్వడానికి పక్కనే ఉండాలి. కాబట్టి అదే పెప్టైడ్, అదే గాఢత ఉంచి, ఒక సెట్‌లో ఉప్పు తక్కువ, ఇంకో సెట్‌లో ఎక్కువ పెట్టు. ఉప్పు ఎక్కువైతే పెప్టైడ్ వదిలేస్తుంది. రక్షణ కూడా దాంతోపాటే పోతే, అది అంటుకోవడం వల్ల వచ్చిన రక్షణ. ఉప్పు పెంచినా రక్షణ అలాగే ఉంటే, అది ద్రావణంలో రాడికల్‌ని తినేయడమే.

రెండోది, టైరోసిన్ బదులు అలనిన్ ఉన్న పెప్టైడ్ పెట్టు. ఆవేశం అంతే, పొడవు అంతే, ఎలక్ట్రాన్ ఇచ్చే గుణం మాత్రం లేదు. ఆ రెండింటి మధ్య తేడానే టైరోసిన్ పని. ట్రిప్టోఫాన్‌తో చేస్తే ఇంకాస్త జాగ్రత్త కావాలి, అది థయోసయనేట్ రాడికల్‌ని కూడా టైరోసిన్ కన్నా వేగంగా తినేస్తుంది.

ఎఫ్‌పీజీ వేసే ముందు పెప్టైడ్‌ని తీసేయడం మర్చిపోకు. డీఎన్‌ఏ మీద పెప్టైడ్ కూర్చుని ఉంటే ఎంజైమ్‌కి చోటు దొరకదు. అలా కోతలు తగ్గితే అది కూడా రక్షణలాగే కనిపిస్తుంది. ఉప్పుతో విడదీసి, ఇథనాల్‌తో డీఎన్‌ఏని దింపి, కడిగి, కొత్త బఫర్‌లో కరిగించు. ఉప్పు మిగిలినా ఎంజైమ్ పనిచేయదు.

జయ_బయోకెమ్ • బుధవారం, ఉదయం 7:30

శాస్త్రిగారూ, పెప్టైడ్ అంటే రక్షణే అన్నట్టు ఈ చర్చ వెళ్తోంది. నాకు కొంచెం ఆందోళనగా ఉంది, ఎందుకంటే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

అంటుకున్న పెప్టైడ్ డీఎన్‌ఏకి శాశ్వతంగా అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో జాన్ కాడే బృందం 2006లో చూపించినది ఇదే. మూడు లైసిన్ల పెప్టైడ్ పక్కనుండగా గ్వానిన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగితే, లైసిన్ చివరనున్న అమైన్ నేరుగా గ్వానిన్‌తో బంధం కట్టేసింది. అంటే పల్లవి వాడే లైసినే, పట్టుకోవడానికే పనికొస్తుందనుకున్న లైసినే, గ్వానిన్ రాడికల్ దొరికితే దానికి అతుక్కుపోతుంది. అలాగే క్రోమాటిన్‌కి గామా కిరణాలు ఇచ్చినప్పుడు థైమిన్, టైరోసిన్ కలిసిపోయిన జంటలు దొరికాయి. ఇలాంటి డీఎన్‌ఏ-ప్రోటీన్ అతుకులు కణానికి మామూలు తెగుడుకన్నా పెద్ద తలనొప్పి. కాపీ చేసే యంత్రం వచ్చి దానికి గుద్దుకుని ఆగిపోతుంది.

ఇంకొకటి. ప్రోటీన్ల మీద హైడ్రాక్సిల్ రాడికల్ పడితే, ఆక్సిజన్ ఉన్నప్పుడు, అమైనో ఆమ్లాల మీద పెరాక్సైడ్లు తయారవుతాయి. అవి గంటలకొద్దీ నిలబడి, ఇనుము, రాగి లాంటి లోహం తగిలినప్పుడు విరిగి కొత్త రాడికల్స్ పుట్టిస్తాయి. హిస్టోన్ మీద అలాంటి పెరాక్సైడ్ ఉంటే దెబ్బ మళ్లీ పక్కనున్న డీఎన్‌ఏకే.

కాబట్టి పల్లవీ, జెల్ మీద తెగడం తగ్గిందంటే నష్టం తగ్గిందని అనుకోవద్దు. కొంత నష్టం రూపం మార్చుకుని వెల్‌లో మిగిలిపోవచ్చు. ఉప్పు వేసినా వదలని డీఎన్‌ఏ ఉంటే, ప్రోటీన్లని కోసే ప్రోటీనేజ్ ఎంజైమ్ వేసి చూడు. అప్పుడు వదిలితే అది అతుకే.

మురళి_డాలస్ • బుధవారం, ఉదయం 10:10

జయగారూ, మీరు చెప్పినది ఒప్పుకుంటాను, కానీ ప్రకృతి ఈ పద్ధతిని ఎంచుకుంది కదా. టార్డిగ్రేడ్ అనే సూక్ష్మజీవి ఉంది, నాచులో ఉంటుంది, ఎనిమిది కాళ్లు. దాని నుంచి టోక్యోలో 2016లో డీసప్ అనే ప్రోటీన్ కనిపెట్టారు. మనిషి కణాల్లో దాన్ని తయారు చేయిస్తే ఎక్స్‌రే వల్ల డీఎన్‌ఏ తెగడం సుమారు 40 శాతం తగ్గింది. 2019లో శాన్‌డియెగోలో ఇంకో బృందం అది న్యూక్లియోజోమ్‌కి (హిస్టోన్ల ముద్దకి చుట్టుకున్న డీఎన్‌ఏకి) అంటుకుంటుందనీ, హైడ్రాక్సిల్ రాడికల్స్ నుంచి క్రోమాటిన్‌ని కాపాడుతుందనీ చూపించింది. అంటుకుని కాపాడటం అంటే ఇదే కదా?

జయ_బయోకెమ్ • బుధవారం, ఉదయం 10:55

మురళిగారూ, డీసప్ అద్భుతమే. కానీ డైనోకాకస్ సంగతి కూడా చెప్పండి. 1956లో ఆరెగాన్‌లో, గామా కిరణాలతో శుద్ధి చేసిన డబ్బా మాంసం పాడైపోతే అందులో దొరికిన బ్యాక్టీరియా అది. 5,000 గ్రే ఇచ్చినా బతుకుతుంది. మనిషికి 4, 5 గ్రే ఒంటి మొత్తానికి తగిలి, వైద్యం అందకపోతే చాలామంది చనిపోతారు. అయినా ఆ బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఏమీ తక్కువగా తెగదు. అదే డోసులో ఈ.కోలైది ఎంత తెగుతుందో దానిదీ దాదాపు అంతే. తేడా ఏమిటంటే, అది మాంగనీసు, ఫాస్ఫేట్, చిన్న పెప్టైడ్లు కలిసిన మిశ్రమంతో తన ప్రోటీన్లని కాపాడుకుంటుంది. బాగుచేసే ఎంజైములు చెడకుండా ఉంటాయి కాబట్టి, ముక్కలైన జన్యువుని కొన్ని గంటల్లో మళ్లీ కుట్టేసుకుంటుంది.

ఒకరు డీఎన్‌ఏకి అంటుకుని కాపాడితే, ఇంకొకరు డీఎన్‌ఏని వదిలేసి బాగుచేసేవాళ్లని కాపాడుకున్నారు. పెప్టైడ్ రెండు చోట్లా ఉంది, పని మాత్రం వేరు.

లక్ష్మి_సత్తెనపల్లి • బుధవారం, రాత్రి 8:20

మీరంతా చదువుకున్నవాళ్లు. మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి నోటి క్యాన్సర్. రేడియేషన్ 33 సిట్టింగులు రాశారు, ఇప్పటికి 12 అయ్యాయి. నోరంతా పుండ్లు పడి, మజ్జిగ కూడా మింగలేకపోతున్నారు. ఒకాయన పెప్టైడ్ చుక్కలని అమ్ముతున్నారు. రేడియేషన్ నుంచి డీఎన్‌ఏని కాపాడుతుందంటున్నారు. సీసా ఖరీదు చాలా ఎక్కువ. ఈ పేజీలో పెప్టైడ్ అనే మాట చూసి అడుగుతున్నాను. కొనమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

రవికిరణ్_మెడికల్ ఫిజిక్స్ • బుధవారం, రాత్రి 8:55

లక్ష్మిగారూ, నేను క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు వేసే పని చేస్తాను. కొనకండి. మీ డబ్బు నాన్నగారి ఆహారానికి, ప్రయాణానికి ఉంచండి.

ఇక్కడ వీళ్లు మాట్లాడే పెప్టైడ్లు ట్యూబులో, విడి డీఎన్‌ఏకి నేరుగా అంటుకున్నవి. నోటితో తాగినది పొట్టలో అరిగిపోతుంది. పప్పులో ప్రోటీన్ ఎలా అరుగుతుందో అలాగే. అది కణంలోకి, అందులో న్యూక్లియస్‌లోకి అలాగే చేరుతుందని చెప్పడానికి ఆధారం లేదు.

ఒకవేళ చేరినా మనకది మంచిది కాకపోవచ్చు. రేడియేషన్ పనిచేసేదే క్యాన్సర్ కణం డీఎన్‌ఏని తెంపి. ఒక గ్రేకి ఒక్కో కణంలో సుమారు వెయ్యి ఒంటి పోగు తెగుళ్లు, 20 నుంచి 40 దాకా రెండు పోగులూ తెగినవి వస్తాయి. మనం రోజుకి 2 గ్రే దగ్గర ఇస్తాం. గడ్డని కూడా కాపాడే మందు వేస్తే ఆ వైద్యం ఎందుకు? కెనడాలోని క్యుబెక్‌లో తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మందితో ఒక పరిశీలన చేశారు. విటమిన్-ఇ, బీటా-కెరోటిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే పుండ్ల లాంటి ఇబ్బందులు తగ్గాయి. కానీ క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. 2005లో ఇది బయటికొచ్చింది. అప్పటినుంచి రేడియేషన్ జరిగే రోజుల్లో ఇలాంటివి సొంతంగా వాడవద్దనే చెబుతున్నాం.

డీఎన్‌ఏ దగ్గరికి చేరి కాపాడే అసలైన మందు ఒకటి ఉంది, అమిఫోస్టిన్. శరీరంలో అది మారి, రెండు ధనావేశాలున్న థయాల్ (గంధకం ఉన్న అణువు) అవుతుంది. ధనావేశం వల్ల డీఎన్‌ఏ చుట్టూ చేరుతుంది. మన కణాల్లో సహజంగా ఉండే గ్లూటాథయోన్‌ది రుణావేశం, డీఎన్‌ఏ దాన్ని దూరంగా తోస్తుంది. పల్లవిగారి లైసిన్లు చెప్పే పాఠం ఇక్కడా అదే. కానీ ఆ మందుని డాక్టర్లు నరంలోకి, లెక్క ప్రకారం ఇస్తారు. వాంతులు, బీపీ పడిపోవడం లాంటివి ఉంటాయి. అందుకే చాలాచోట్ల వాడటం తక్కువ.

మజ్జిగ కూడా దిగకపోతే రేపే మీ డాక్టర్‌గారికి చెప్పండి. నొప్పికి పుక్కిలించే మందులున్నాయి, అవసరమైతే ముక్కు ద్వారా గొట్టంతో ఆహారం ఇస్తారు. బరువు తగ్గితే తల కదలకుండా పెట్టే మాస్క్ వదులై సిట్టింగులకి కూడా ఇబ్బంది అవుతుంది. ఒక్క సిట్టింగు కూడా మానేయనివ్వకండి.

లక్ష్మి_సత్తెనపల్లి • బుధవారం, రాత్రి 9:10

సరే అన్నా. కొనను. రేపు పొద్దున్నే డాక్టర్‌గారిని అడుగుతాను. బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. 4 కిలోలు తగ్గారు.

శాస్త్రి60 • బుధవారం, రాత్రి 9:25

అమ్మా లక్ష్మీ, రవి చెప్పినట్టే చెయ్యి. ఆ 4 కిలోల సంగతి మొదట చెప్పు. ఏమన్నారో ఇక్కడ రాయి.

పల్లవి_జెల్ • శనివారం, రాత్రి 11:15

అందరికీ, ముఖ్యంగా శాస్త్రి సార్‌కి. ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చాను. డోసు ఫ్రిక్‌తో కొలిస్తే కాగితం మీద ఉన్నదానికన్నా బాగా తక్కువ వచ్చింది, సార్ చెప్పిన లెక్కకి దగ్గరగా.

టెట్రాలైసిన్ ట్యూబులకి ఉప్పు వేసి జెల్ నడిపాను. వెల్ దగ్గర గీత పోయింది. మొత్తం మెరుపు అన్ని వరసల్లో దాదాపు సమానంగా వచ్చింది. పై బ్యాండ్ వచ్చింది. నేను మొదట అనుకున్నట్టు తెగడం ఆగిపోలేదు. కానీ ప్లాస్మిడ్ ఒక్కటే ఉన్న వరసలతో పోలిస్తే చాలా తక్కువ. జయ మేడమ్ అంచనా నిజమైంది. ఎక్కువ డోసు ఉన్న ఒక్క వరసలో మాత్రం ఉప్పు వేసినా వెల్‌లో కొంచెం మిగిలింది. దానికి ప్రోటీనేజ్ వేసి సోమవారం చూస్తాను.

థయోసయనేట్ వేసి ఎఫ్‌పీజీ పెట్టినప్పుడు, టైరోసిన్ పెప్టైడ్ ఉన్నవాటిలో కోతలు తగ్గాయి. జెల్ తీసి ట్రాన్సిల్యూమినేటర్ మీద పెట్టి లైటు వేయగానే మామూలు కంటికే తెలిసింది. ఉప్పు పెంచిన సెట్‌లో కోతలు మళ్లీ పెరిగాయి. నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. గైడ్‌గారికి అంతా చెప్పాను. మొదటి జెల్ పక్కన పెట్టేద్దాం, ఇదే రాద్దాం అన్నారు.

లక్ష్మి_సత్తెనపల్లి • ఆదివారం, ఉదయం 7:45

డాక్టర్‌గారు గొట్టం వేశారు, అదే రోజు. మాస్క్ కూడా మళ్లీ చూస్తామన్నారు. 15 సిట్టింగులు అయ్యాయి. అందరికీ నమస్కారాలు. పల్లవి చెల్లికి శుభాకాంక్షలు.

శాస్త్రి60 • ఆదివారం, ఉదయం 8:30

లక్ష్మీ, చాలా సంతోషం.

పల్లవీ, చాలా బాగా చేశావు. ఒక్కటి అడగాలి. లైసిన్-టైరోసిన్-లైసిన్ మీద ఆవేశం ఎంత అని లెక్క వేశావు? చివర కార్బాక్సిల్ అలాగే ఉందా, అమైడ్ చేసి ఇచ్చారా?

పల్లవి_జెల్ • ఆదివారం, మధ్యాహ్నం 2:10

సార్, నేను రెండు అనుకుని రాసుకున్నాను. ఇప్పుడే ల్యాబ్‌కి వెళ్లి ఫ్రిజ్‌లో సీసా మీద లేబుల్ చూశాను. అమైడ్ అని ఉంది. అంటే ఆవేశం మూడు. అది కూడా డీఎన్‌ఏని ఉండ చుట్టించగలదు, కాబట్టి తగ్గిన కోతల్లో టైరోసిన్ వాటా ఎంతో, ఉండ వాటా ఎంతో ఇంకా చెప్పలేను. లైసిన్-అలనిన్-లైసిన్, చివర అమైడ్‌తోనే, ఆర్డర్ ఫారం నింపి గైడ్‌గారి టేబుల్ మీద పెట్టాను. వచ్చేదాకా ఈ సెట్‌నే ఇంకో రెండుసార్లు చేస్తాను.